తొలిపిన సీసా

మా అమ్మ నాకు నేర్పిన మొదటి పని గ్లాసు తొలపడం. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్లిచ్చే ముందు, గ్లాసు ఎంత శుభ్రంగా ఉన్నా సరే, కాసిని నీళ్లు పోసి, చుట్టూ తిప్పి, పారబోసి, రెండుసార్లు విదిలించి అప్పుడు నింపాలి. తోమడం మురికి పోవడానికి. తొలపడం వచ్చిన మనిషి మీద గౌరవానికి. తొలపకుండా నీళ్లిస్తే మా ఇంట్లో అది మొహం మీద తలుపేసినట్టే లెక్క. కారు సీట్లకు ఫోము పోసే ఫ్యాక్టరీ సంగతి చెప్పబోతూ ఈ గ్లాసు గోలేమిటని అనిపించవచ్చు. నాకూ అప్పట్లో ఈ రెంటికీ సంబంధం ఉందని తెలియదు. తెలిసేసరికి ఒక మనిషి పరువు నా చేతిలో ఉంది, నా బతుకు ఇంకొకరి సంతకంలో ఉంది.

ఫ్యాక్టరీ కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో, హైవేకి ఆనుకుని ఉండేది. నేను అక్కడి ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. అంతకుముందు కోస్తాలో ఒక డిగ్రీ కాలేజీలో పన్నెండేళ్లు ఆర్గానిక్ కెమిస్ట్రీ చెప్పాను. గ్వెల్ఫ్‌లో డిప్లొమా చేసి, వర్క్ పర్మిట్ మీద ఈ ఉద్యోగంలో చేరాను. ఇక్కడ నా పాఠమంతా ఒక్క మాటలోకి కుదించుకుపోయింది. పాలియాల్. పాలీ అంటే అనేకం, ఆల్ అంటే ఆల్కహాల్ గుంపు, అంటే ఒక ఆక్సిజన్‌కి అంటుకున్న ఒక హైడ్రోజన్. క్లాసులో నేను దాన్ని చెయ్యి అనేదాన్ని. చేతులు ఒకటికి మించి ఉన్న అణువు పాలియాల్. గ్లిజరిన్‌కి మూడు చేతులు. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో తియ్యగా తగిలే సార్బిటాల్‌కి ఆరు. టూత్‌పేస్టు ఎండిపోకుండా ఉండడం, దగ్గు మందు గొంతులో చిక్కగా జారడం, ఇవన్నీ ఈ చేతుల చలవే.

మా ఫ్యాక్టరీలో ఆ చేతుల్ని ఐసోసయనేట్ అనే ఇంకో ద్రవం వచ్చి పట్టుకునేది. చేతులు దూరదూరంగా ఉన్న పాలియాల్ అయితే మెత్తటి సీటు వస్తుంది. దగ్గరదగ్గరగా ఉంటే ఫ్రిజ్ గోడల్లో పోసే గట్టి ఫోము వస్తుంది. అయితే నీళ్లకూ చేతులున్నాయి. ఐసోసయనేట్‌కి నీళ్లు తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, ఆ గ్యాసే ఫోమును ఇడ్లీలా పొంగిస్తుంది. అందుకని కొలిచి వేసే నీళ్లు తప్పనిసరి, కొలతకు అందని నీళ్లు శని. పాలియాల్‌కేమో తేమంటే మహా ప్రీతి, మూత తీసి పెడితే గాలిలోంచి పీల్చేసుకుంటుంది. ప్రతి డ్రమ్ములోంచీ సీసాలో కాస్త పట్టుకొచ్చి, అందులో నీరెంత ఉందో కొలిచి చెప్పడం నా పని. నేను చెప్పిన నంబర్‌ని బట్టి మిక్సింగ్‌లో పోసే నీళ్లు తగ్గించేవాళ్లు.

డ్రమ్ములు తెరిచి, సరుకు ట్యాంకులోకి ఎక్కించి, మూతలు బిగించే పని అంకుల్‌ది. నాకు చర్చిలో పరిచయం. ఆయనదీ కోస్తానే, అరవై దాటాయి, ఆ ఫ్యాక్టరీలో పందొమ్మిదేళ్లు చేశారు. జీవితమంతా ఆల్కహాల్ మధ్యే బతికాను గానీ ఒక్క చుక్క ముట్టలేదని చర్చిలో కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేవారు. ఆ జోకు అర్థం కావాలంటే పాలియాల్ ఏమిటో తెలియాలి, కాబట్టి సగం మంది ఆయన్ని అనుమానంగా చూసేవాళ్లు. నా రెజ్యూమే జేబులో పెట్టుకెళ్లి మేనేజర్ టేబుల్ మీద పెట్టింది ఆయనే. బయట మంచు, నాకు లైసెన్స్ లేదు, మొదటి శీతాకాలమంతా పొద్దున్నే కారేసుకుని మా బేస్‌మెంట్ ముందుకొచ్చి హారన్ కొట్టకుండా నిలబడిందీ ఆయనే.

ఆ వేసవిలో నాకు పీఆర్‌కి, అంటే ఈ దేశంలో శాశ్వతంగా ఉండడానికి అప్లై చేసుకోమని, ఇన్విటేషన్ వచ్చింది. అరవై రోజుల్లో కాగితాలన్నీ అప్‌లోడ్ చేయాలి. అన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప. నేను చేసే పనులన్నీ రాసి మేనేజర్ సంతకం పెట్టిన లెటర్. అది లేకపోతే ఇన్విటేషన్ పోతుంది, నాలుగు నెలల్లో వర్క్ పర్మిట్ పోతుంది, నా పర్మిట్ మీద ఆధారపడ్డ మా ఆయన వేర్‌హౌస్ ఉద్యోగం పోతుంది, ఇక్కడి స్కూల్లో ఐదో తరగతి చదువుతూ తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో జవాబిచ్చే మా అమ్మాయి మళ్లీ మొదటికొస్తుంది. మేనేజర్ చెడ్డవాడు కాదు. రేపు, ఎల్లుండి, వచ్చే వారం అనేవాడు. ఆ లెటర్ కోసం నేను ఎంత దిగజారానంటే, ఆయన కాఫీ కప్పు ఖాళీ అయిందా లేదా అని కూడా చూసేదాన్ని.

అదే వేసవిలో కొత్త పాలియాల్ వచ్చింది. ఆముదం నుంచి తీసినది. ఆముదానికి పుట్టుకతోనే చేతులున్నాయి, పెట్రోలియంతో పనిలేదు. ఒక పెద్ద కార్ల కంపెనీ అలాంటి సీట్లు అడిగింది. మా నాయనమ్మ తలకి పామిన దాన్ని ఇక్కడ కింద వేసుకుని కూర్చుంటున్నారని అంకుల్ తెగ నవ్వారు. పాత సరుకు చాలావరకు పెద్ద ట్యాంకర్లలో వచ్చేది, ఇది మాత్రం మొత్తం డ్రమ్ముల్లోనే వచ్చేది, కాబట్టి శాంపిళ్లు రోజూ తీయాల్సి వచ్చింది. సీల్ చేసిన ప్యాకెట్లలో కొత్తగా వచ్చే సీసాలు చాలక, వాడినవాటినే మెషీన్‌లో కడిగి, ఓవెన్‌లో ఆరబెట్టి, అలమరలో బోర్లించడం మొదలుపెట్టాం.

రెండో వారం నుంచి నా నంబర్లు చెడ్డాయి. నూటికి ఒకటిలో పదో వంతు కూడా ఉండకూడని నీరు, దానికి మూడు నాలుగింతలు కనపడింది. ఒక డ్రమ్ములో ఎక్కువ, ఒక డ్రమ్ములో ఇంకా ఎక్కువ. సప్లయర్ కాగితంలో మాత్రం సరుకు పొడిగా ఉంది. నా నంబర్ నమ్మి మిక్సింగ్‌లో నీళ్లు తగ్గించారు. ఫోము సరిగ్గా పొంగలేదు. అచ్చు మూలలు నిండలేదు, నిండిన సీట్లు బరువుగా, పలకల్లా వచ్చాయి. లోడింగ్ డాక్ పక్కన పనికిరాని సీట్ల గుట్ట లేచింది. కార్ల కంపెనీ నుంచి మనుషులొచ్చి మేనేజర్‌ని గాజు గదిలో కూర్చోబెట్టి మాట్లాడిపోయారు. ఆ రోజు ఆయన ముఖం నిజంగానే ఆముదం తాగినట్టుంది.

డ్రమ్ముల్లో నిజంగా అంత నీరుంటే, మిక్సింగ్‌లో తగ్గించాక ఫోము మామూలుగానే పొంగాలి. ఇది తక్కువ పొంగింది. పన్నెండేళ్లు పాఠం చెప్పినదాన్ని, ఈ ముక్క నా కళ్లెదుటే ఉంది. నేను చూడలేదు. మూత తెరిచి ఉంచితే డ్రమ్ములో పైన ఒకలా, అడుగున ఒకలా ఉంటుంది, అందుకే లెక్క కుదరడం లేదని మేనేజర్ అన్నాడు. నేను తలూపాను. లెటర్ కావలసినవాళ్ల తల చాలా సులువుగా ఊగుతుంది.

మూతలు ఎవరివి? అంకుల్‌వి. ఆగస్టు ఉక్కపోత, ఆయన డ్రమ్ములన్నీ ఒకేసారి తెరిచి బ్రేక్‌కి వెళ్తున్నాడని తేల్చారు. ఎవరూ చూడలేదు. చూడాల్సిన అవసరం ఏముంది, నా నంబర్లు ఉన్నాయిగా. సోమవారం పొద్దున మీటింగ్‌లో మేనేజర్ నా షీటు ఆయన ముందు పెట్టాడు. ఈమె టీచర్, కెమిస్ట్, ఈమె నంబర్ తప్పు కాదు అన్నాడు. అంకుల్ ఆ షీటు చూడలేదు, నన్ను చూశారు. మూతలు వేశానని ఒక్కసారే చెప్పారు. మధ్యాహ్నానికి సస్పెండ్ చేశారు.

మంగళవారం డ్యూటీ దిగగానే బస్సెక్కి వాళ్లింటికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకే తెలియదు. ఏరు దాటాక తెప్ప తగలేశాననే మాట నా చెవుల్లో మోగుతోంది, అది ఎవరో అనకముందే నేనే వెళ్లి కనపడితే కాస్త తగ్గుతుందనుకున్నాను కాబోలు. ఆంటీ నర్సింగ్ హోమ్‌లో డ్యూటీకి వెళ్లారు. అంకుల్ ఒక్కరే ఉన్నారు. పనిలేని మధ్యాహ్నం ఆయనకు అలవాటు లేదు, ఇల్లంతా ఊడ్చి పెట్టారు.

"రామ్మా, కూర్చో. ఎండనపడి వచ్చావు" అన్నారు.

వంటింట్లో డిష్‌వాషర్ తెరిచి ఉంది. గ్లాసులు అప్పుడే ఆగిన మెషీన్‌లోంచి ఇంకా వేడిగా, తళతళలాడుతున్నాయి. ఆయన ఒకటి తీసి, కొళాయి తిప్పి, కాసిని నీళ్లు పట్టి, చుట్టూ తిప్పి పారబోశారు. సింకులోకి రెండుసార్లు విదిలించారు. తర్వాత నింపి తెచ్చి నా ముందు పెట్టారు.

నా కుడి చెయ్యి ఒళ్లో దానంతటదే కదిలింది. ల్యాబ్‌లో అలమర పక్కనే సింకు. అలమరలో బోర్లించిన సీసా. తీస్తాను, కొళాయి కింద పెడతాను, తిప్పుతాను, విదిలిస్తాను, డ్రమ్ము దగ్గరికి వెళ్తాను. రోజుకి ఆరు సీసాలు. కొత్త సీసాల ప్యాకెట్ చింపినప్పుడు ఎప్పుడూ చేయలేదు, అవి బోర్లించినవి కావు. పోయిన వారమే ఇంట్లో గ్లాసు తొలుపుతుంటే మా అమ్మాయి నాతో అంది, "మమ్మీ, ఇట్స్ ఆల్రెడీ క్లీన్, వై డూ యూ కీప్ డూయింగ్ దట్?" అని. పెద్దవాళ్లకు నీళ్లిచ్చే పద్ధతి నీకేం తెలుసని కసిరాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. మాకు పుడకలు కూడా ఉండవు, పెట్టెలో పెట్టి పూడ్చేస్తారు. నాది ఇక ఎప్పటికీ పోదేమో.

సీసా అడుగున మిగిలిన నాలుగు చుక్కలు. డ్రమ్ముల్లో లేని నీళ్లు. నేను ఉన్నాయన్నాను, వాళ్లు తగ్గించారు, ఫోము పొంగలేదు. మొత్తం కథ అంతే.

"ఏంటమ్మా అలా అయిపోయావు?" అన్నారు అంకుల్.

ఏమీ లేదన్నాను. ఆయన ఎదురుగా కూర్చున్నారు. కంపెనీ ఇచ్చిన కాగితం మీద గురువారంలోపు సంతకం పెడితే రిటైర్మెంట్ అని రాస్తారట, లేకపోతే తప్పు చేసినందుకు తీసేశామని రాస్తారట. పెట్టమని ఆంటీ అంటున్నారట. పెడితే తప్పు ఒప్పుకున్నట్టేగా అని ఆయన పట్టు.

"పందొమ్మిదేళ్లమ్మా. ఒక్క మూత ఒదిలేసి ఎరగను. నువ్వు చదువుకున్నదానివి, ఇంకేదన్నా కారణం ఉందేమో చూడు తల్లీ. నువ్వు చెప్తే ఆళ్లు వింటారు."

చూస్తాను అంకుల్ అన్నాను. గ్లాసు ఎత్తి గటగటా తాగేశాను. ఆ నీళ్లు లోపలికి ఎలా దిగాయో ఆ దేవుడికే తెలియాలి.

బుధవారం ల్యాబ్‌లో ఎవరూ లేని సమయం చూసి ఒకే డ్రమ్ములోంచి రెండు సీసాలు పట్టాను. ఒకటి అలమరలోంచి తీసి అలాగే. ఇంకొకటి తొలిపి. చేతిని ఆపి మొదటి సీసా పట్టడానికి నాకు ఎంత కష్టమైందో చెబితే నవ్వుతారు. మెషీన్ రెండు నంబర్లు చూపించింది. మొదటిది సప్లయర్ కాగితంలో ఉన్నదే. రెండోది నేను మూడు వారాలుగా రాస్తున్నదే. ఆ కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుని మేనేజర్ గది దాకా వెళ్లాను. తలుపు తెరిచే ఉంది. నన్ను చూసి ఆయనే నవ్వాడు. నీ లెటర్ టైప్ అయిపోయింది, రేపటితో ఈ డ్రమ్ముల గొడవ ముగిసిపోతుంది, శుక్రవారం సంతకం పెట్టేస్తాను అన్నాడు.

థాంక్యూ అన్నాను. జేబులో కాగితం ఉంది. నోట్లో మాట ఉంది. బయటికి వచ్చింది ఆ థాంక్యూ ఒక్కటే.

ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చిన మా ఆయనకు కార్లోనే చెప్పాను. రెండు సిగ్నళ్లు దాటాక, శుక్రవారం దాకా ఆగు అన్నాడు. తిలా పాపం తలా పిడికెడు. కానీ ఆయన పిడికెడు తీసుకున్నంత మాత్రాన నాది తగ్గలేదు. ఒక్కో గంటా లెక్కపెట్టుకున్నాను. చెప్పేస్తాను, ఇప్పుడే ఫోన్ చేస్తాను అనుకోవడం, ఫోన్ తీసి అరవై రోజుల్లో ఎన్ని మిగిలాయో చూసుకోవడం. మిగిలింది తొమ్మిది. ప్రార్థన కూడా చేశాను. ఏమని చేశానో సిగ్గు విడిచి చెబుతున్నాను. అంకుల్ సంతకం పెట్టేయాలని చేశాను.

పెట్టారు. గురువారం పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు, చర్చికి వచ్చినట్టు. సంతకం చేసి, లాకర్ ఖాళీ చేసుకుని, ల్యాబ్ గాజు తలుపు మీద వేలితో కొట్టారు. చేతిలో డ్రమ్ము మూతలు తిప్పే పానా. పందొమ్మిదేళ్లు వాడి వాడి పట్టుకునే చోట నున్నగా అరిగిపోయింది.

"కొత్తోడు వస్తే ఇది ఇవ్వమ్మా. మూత బిగిశాక ఇంకో అరచుట్టు తిప్పమని చెప్పు."

అలాగే అంకుల్ అన్నాను. కారణం దొరికిందా అని ఆయన అడగలేదు. అడగలేదని నాకు ప్రాణం లేచొచ్చింది. అలా లేచొచ్చినందుకు నన్ను నేను ఈనాటికీ క్షమించుకోలేకపోతున్నాను.

శుక్రవారం లెటర్ వచ్చింది. ఒక పేజీ. నా పనుల వరసలో మూడోది, శాంపిళ్లు సరైన పద్ధతిలో సేకరించి పరీక్షించడం. నీలం సిరా సంతకం. లంచ్ బ్రేక్‌లోనే ఫోన్‌తో స్కాన్ చేసి అప్‌లోడ్ చేశాను, రెండుసార్లు తప్పు ఫైలు ఎక్కింది.

సోమవారం పొద్దున మేనేజర్ గదిలోకి వెళ్లి తలుపు వేసి, రెండు నంబర్ల కాగితం ముందు పెట్టాను. సీసాల సంగతి, సింకు సంగతి, మా ఇళ్లలో గ్లాసులు తొలిపే సంగతి అంతా చెప్పాను. ఉద్యోగం పోతుందని బ్యాగు సర్దుకునే వెళ్లాను. ఆయన కాగితం చదివాడు. తర్వాత దాన్ని తన సొరుగులో పెట్టేశాడు. కార్ల కంపెనీకి కారణం రాసి పంపేశామనీ, అంకుల్‌ది రిటైర్మెంట్ అనీ, ఆ ఫైలు మళ్లీ తెరిస్తే అందరికీ ఇబ్బందే అనీ అన్నాడు. ఇకనుంచి కొత్త సీసాలు తెప్పిస్తాం, ఎవరికీ చెప్పకు, వెళ్లి పని చూసుకో అన్నాడు.

అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. నేను భయపడి చచ్చిన ఆ మూడు రోజుల్లో ఏ రోజు వెళ్లి చెప్పినా ఇంతే జరిగేదేమో. లెటర్ కూడా ఇచ్చేవాడేమో. ఇవ్వకపోయేవాడేమో. ఆ లెక్క తేలేది కాదు, దాన్ని కొలిచే మెషీన్ ఏ ల్యాబ్‌లోనూ లేదు.

సాయంత్రం అంకుల్ ఇంటికి వెళ్లాను. ఎవరికీ చెప్పొద్దన్న మాట దాటి చేసిన ఆ ఒక్క పనే ఈ కథంతట్లో నేను చేసిన మంచి అనుకుంటే, అది కూడా ఆలస్యంగా చేసిందే. సోఫా అంచు మీద కూర్చుని మొత్తం చెప్పాను. మూతలు మీరు వేశారు అంకుల్, నీళ్లు నా సీసాలోవి అన్నాను. ఆయన ముఖం ఒక్క క్షణం వెలిగింది. తాను తప్పు చేయలేదని ఆయనకు ముందే తెలుసు, అయినా ఇంకొకరి నోట విన్నాక వెలిగింది. తర్వాత నెమ్మదిగా అడిగారు.

"ఎప్పుడు తెలిసిందమ్మా?"

అబద్ధం నాలిక చివర దాకా వచ్చింది. ఇవాళే అంటే సరిపోయేది.

"మీరు నాకు నీళ్లిచ్చిన రోజు. గ్లాసు తొలుపుతుంటే."

ఆయన కిటికీ వైపు చూస్తూ వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నారు.

"అంటే మంగళారం."

"అవును అంకుల్."

"నేను సంతకం పెట్టింది గురువారం."

ఆయన కోప్పడతారని, తిడతారని, పొమ్మంటారని ఎదురుచూశాను. ఏదో ఒకటి అంటే పట్టుకుని ఏడుద్దామని ఉంది. ఆయన మోకాళ్ల మీద చేతులానించి లేచి వంటింట్లోకి వెళ్లారు. ఇంటికొచ్చిన మనిషికి నీళ్లివ్వకుండా ఉండడం ఆయనకు చేతకాదు.

అలమర తెరిచిన చప్పుడు వినిపించింది. గ్లాసు తీసిన చప్పుడు వినిపించింది. కొళాయి తిప్పారు. ఒకే ధారగా గ్లాసు నిండింది. నేను చెవులు రిక్కించి కూర్చున్నాను, పారబోసిన చప్పుడు గానీ విదిలించిన చప్పుడు గానీ రాలేదు. తెచ్చి నా ముందు పెట్టి, తన కుర్చీలో కూర్చున్నారు.

చుక్క మిగల్చకుండా తాగాను.